చివరికి పెట్టుకున్న ఇల్లు

ప్రొబేషన్ శాఖలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు తాండూరులో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి "రిపోర్టు ఎలా రాయాలి సార్? నమూనా ఏదైనా ఉంటే ఇవ్వండి" అంటారు. నా దగ్గర నమూనా లేదు. నేను రాసినవాటిలో పైవాళ్ళు మెచ్చుకున్న రిపోర్టు ఒకటి ఉంది. నా ఉద్యోగం మొత్తంలో అంతకంటే తప్పు రిపోర్టు నేను రాయలేదు. దాని సంగతి ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక ఇక లేదు కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక మాట. నేరం రుజువైనా మనిషిని జైలుకు పంపకుండా, కొన్ని షరతులు పెట్టి, ఒక అధికారి కంటికింద బయటే ఉంచవచ్చు. అలా ఉంచవచ్చా, వాడు మళ్ళీ అదే పని చేస్తాడా అన్నది విచారించి మేజిస్ట్రేటుకు రాసిచ్చేది ప్రొబేషన్ ఆఫీసరు. నా దగ్గరికి అన్ని రకాల కేసులూ వచ్చాయి. ఇక్కడ ఆడవాళ్ళ మీద చెయ్యి వేసిన మగవాళ్ళ గురించి మాత్రమే రాస్తాను. మరీ ఘోరమైనవి మా దాకా రావు, పై కోర్టుకు పోతాయి. చెయ్యి పట్టి గుంజడం, ఒంటరిగా ఉన్నప్పుడు ఇంట్లోకి జొరబడటం వంటి 'చిన్న' కేసులు మాకు వచ్చేవి. చిన్న అన్నది కోర్టువారి మాట.

నేను క్రైస్తవ విశ్వాసిని. మా నాన్న సంఘంలో ఉపదేశి. పలక పట్టకముందే కీర్తనలు నోటికి వచ్చాయి. మనిషి మారతాడని, మార్చేవాడు ఒకడున్నాడని నమ్మి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కాని ఆ నమ్మకంతో నేను చేసిన పొరపాటు వల్ల ఇద్దరు ఆడవాళ్ళు దెబ్బతిన్నారు. నా తరఫున నమ్మకం ఏ జవాబూ చెప్పదు. నేనే చెప్పాలి.

ఇరుపక్షాలు

1948లో పోలీసు చర్య అయిన కొన్నాళ్ళకు మిషను బడిలో పంతులు పని వదిలి వికారాబాదు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరాను. ఉర్దూ, తెలుగు రెండింట్లోనూ నా చేతిరాత బాగుండేది. బడిలో బైబిలు వాక్యం ఎత్తి రాయించి రాయించి, అక్షరం తప్పితే పాపమన్నంత భయం ఉండేది.

ఒకరోజు బంట్వారం వైపు నుంచి ఒక కూలీ మనిషి వచ్చింది. పొద్దుటి నుంచి కోర్టు మెట్ల పక్కన కూర్చుంది. తన మీద చెయ్యి వేసినవాడి మీద కేసు. సాయంత్రం కాగితాలు కట్టగడుతుంటే దగ్గరికి వచ్చి అడిగింది.

"అయ్యా, నన్ను ఎప్పుడు పిలుస్తరు?"

"అయిపోయిందమ్మా. మీరు రాజీపడ్డారు కదా."

"నేనా?"

కాగితం తిరగేసి చూశాను. ఇరుపక్షాలూ రాజీపడ్డారని ఉంది. ఒక పక్షం చెయ్యి వేసినవాడు. రెండో పక్షం ఈమె మామ. ఇద్దరూ వేలిముద్రలు వేసి మధ్యాహ్నం బండిలోనే వెళ్ళిపోయారు. ఆమె ఇంకా నిలబడే ఉంది. నకలు మీద సిరా ఆరబెట్టి బీరువాలో పెట్టాను. అక్షరం ఒక్కటి కూడా తప్పు పోలేదు.

చెయ్యి ఎవరిది

తర్వాత ఎన్నో ఏళ్ళకు ప్రొబేషన్ చట్టం అమలైంది. నలుగురితో మాట్లాడగలవాడని నన్ను ఆ పనికి తీసుకున్నారు. నా పై అధికారి మీర్ సాబ్. హైదరాబాదు మనిషి, ఎప్పుడూ పాన్ నమిలేవాడు, సైకిలు మీద తప్ప తిరిగేవాడు కాదు. కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఆయన గొంతు తగ్గిందంటే మాకు భయం.

చేరిన కొత్తలో యాలాల్ కేసు ఒకటి. భూములున్న రైతు కుటుంబం. తమ అమ్మాయిని ఒకడు దారిలో చెయ్యి పట్టి గుంజాడని తండ్రి ఫిర్యాదు. అమ్మాయికి ఇరవై దాటాయి. నేను ఊరికి పోయి తండ్రిని, అన్నలను, శిస్తు వసూలు చేసే మాలీ పటేలును అడిగి, దుర్నడత గలవాడు, ఏ దయకూ తగడు అని రిపోర్టు రాసి తెచ్చాను. మీర్ సాబ్ చదివాడు.

"పిల్లను అడిగినవా?"

"తండ్రి అంతా చెప్పాడు సార్."

గొంతు తగ్గించాడు. "మియా, గుంజింది తండ్రి చెయ్యా?"

మళ్ళీ యాలాల్ పోయాను. మిషను ఆసుపత్రి నర్సమ్మను వెంట తీసుకుపోయి, అమ్మాయితో విడిగా మాట్లాడించాను. "ఆయన గుంజలే. నేనే పిలిచిన. మేమిద్దరం పెండ్లి చేసుకుంటమన్నం, గందుకే కేసు పెట్టిన్రు" అని చెప్పింది. నా రిపోర్టును మీర్ సాబ్ నా ఎదుటే చించి, "జర ఫికర్ చెయ్యి సత్యానందం సాబ్. నీ అక్షరాలు బాగుంటయ్. గందుకే నాకు భయం" అన్నాడు.

ఎవరి మీద చెయ్యి పడిందో వారిని అడగాలి అన్న ముక్క ఆ రోజు నేర్చుకున్నాననే అనుకున్నాను. పరాయివాళ్ళ విషయంలో నేర్చుకున్నాను కూడా. మా మందిరం మెట్లెక్కేసరికి మరిచిపోయాను.

తలుపు దగ్గర

దేవదానం తాండూరులో బండల యార్డు మేస్త్రి. గనుల నుంచి వచ్చే నాపబండలను దింపించి, పేర్పించి, రైలుకు ఎక్కించే కూలీల మీద పెద్ద. ఎవరికి పని దొరకాలన్నది ఆయన చేతిలో ఉండేది. మా సంఘంలో ఆయనే పాట ఎత్తేవాడు. గొంతు అంత మంచిది. నేను అదే సంఘంలో పెద్దను.

శాంతమ్మ ఆయన కింద బండలు మోసే మనిషి. భర్త బొంబాయి మిల్లులో పనికి పోయాడు. ఇంట్లో ఆమె, ముసలి అత్త. యార్డు వెనక షెడ్డులో దేవదానం ఆమెను పట్టుకుంటే, చేతిలో ఉన్న సుత్తె ఆయన మోకాలి మీద వేసి తప్పించుకుంది. భయపడకుండా ఠాణాకు పోయింది. అప్పట్లో అంత పని చేసినవాళ్ళు అరుదు. సాక్షులు దొరికారు, నేరం రుజువైంది. శిక్ష వేసే ముందు మేజిస్ట్రేటు నా రిపోర్టు అడిగారు.

నేను చేయవలసిన మొదటి పని, ఇతను మా సంఘంవాడు, మరొకరికి అప్పగించండి అని రాసివ్వడం. నేను ఆ పని చేయలేదు. నాకంటే ఇతన్ని ఎరిగినవాడు ఎవడు అనుకున్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెద్ద తప్పు చేసినవాణ్ణి కొన్ని ఆదివారాలు తలుపు దగ్గర నిలబెడతారు. లోపలికి రాకూడదు, పాట పాడకూడదు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోకూడదు. చివరి ఆదివారం ముందుకు వచ్చి మోకరించి ఒప్పుకుంటాడు. పెద్దలం తల మీద చేతులుంచి ప్రార్థిస్తాం. అక్కడితో వాడు మళ్ళీ సంఘంలోవాడు. నేను చిన్నప్పటి నుంచీ చూసిన పద్ధతి అది. తాగుబోతులు, దొంగలు ఆ తలుపు దగ్గర నుంచి కొత్త మనుషులై వచ్చారు.

దేవదానం నిలబడ్డాడు. వానలో కూడా నిలబడ్డాడు. చివరి ఆదివారం మోకరించి నేల తడిసేలా ఏడ్చాడు. సంఘమంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పద్ధతిలో ఇంకో భాగం ఉంది. ఎవరికి తప్పు చేశాడో వారు అందరిముందు లేచి క్షమించానని చెప్పాలి. శాంతమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. లేవలేదు. పాస్టరు అయ్యగారు ఒకసారి పిలిచారు, రెండుసార్లు పిలిచారు. పక్కనున్న ఆడవాళ్ళు మోచేత్తో పొడిచారు. అప్పుడు నేను దగ్గరికి పోయి, మెల్లగా అన్నాను.

"లే శాంతమ్మా. దేవుని ఇంట్లో మనసు రాయి చేసుకోవద్దు."

లేచింది. నా ముఖం వైపే చూస్తూ "క్షమించిన" అంది. కూర్చుంది.

ఆ వారం నేను రిపోర్టు రాశాను. పశ్చాత్తాపం పరిపూర్ణంగా కనిపించింది, బాధితురాలు బహిరంగంగా క్షమించింది, సంఘం తిరిగి చేర్చుకుంది, జైలు ఇతన్ని చెడగొడుతుంది, బయట ఉంచడమే మేలు అని రాశాను. ఇంతకంటే స్పష్టమైన రిపోర్టు తాను చూడలేదని మేజిస్ట్రేటు అన్నారు. మీర్ సాబ్ మాత్రం చదివి, "నువ్వు ఏడ్చినవా?" అని అడిగాడు. ఏడ్చానన్నాను. "నీ ఏడుపు కూడా ఇందుల పడ్డది" అని కాగితం పక్కన పెట్టాడు. ఆయనకు మా పద్ధతులు తెలియవులే అనుకున్నాను.

దేవదానం బయట ఉండిపోయాడు, మేస్త్రిగానే ఉండిపోయాడు. శాంతమ్మకు యార్డులో పని దొరకలేదు. రోజూ తెల్లవారకముందే లేచి యాలాల్ వైపు పొలం పనులకు నడిచేది. మందిరానికి రావడం మానేసింది. నా రిజిస్టరులో ఆమె గురించి ఒక్క వాక్యమే రాసుకున్నాను: మనసులో చేదు ఇంకా పోలేదు. ఆయన ఏ దారిన తిరుగుతున్నాడు, ఆమె ఏ దారిన తిరగలేకపోతున్నది అన్నది రాసుకోలేదు.

పిడికెడు జొన్నలు

మావైపు సంఘాల్లో ఇంకో ఆచారం ఉంది. ఇంటి ఇల్లాలు రోజూ వంటకు జొన్నలు తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన చిన్న కుండలో వేస్తుంది. అది దేవుని వాటా. శనివారం సంఘం తరఫున ఒకరు బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ గింజలు పోయించుకుంటారు. అయ్యగారి జీతంలో సగం ఆ జొన్నలే.

బుట్ట పట్టడం గౌరవం. నమ్మకస్తులకే ఇస్తారు. దేవదానం తిరిగి చేరిన కొన్ని నెలలకు, పడినవాణ్ణి పూర్తిగా లేపాలంటే పని అప్పగించాలని పెద్దలం అనుకున్నాం. బుట్ట ఆయనకు ఇద్దామన్నది నేనే. ఆ సంగతి కోర్టుకు పంపే రిపోర్టులో కూడా రాశాను, సంఘం ఇతనికి బాధ్యతగల పని అప్పగించింది, ఇది మంచి మార్పుకు గుర్తు అని.

శనివారం పగలు మగవాళ్ళు గనుల్లో, యార్డుల్లో, పొలాల్లో ఉంటారు. ఇళ్ళలో ఆడవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. బుట్ట పట్టినవాడు పిలిస్తే తలుపు తీయవలసిందే, దేవుని పేరు మీద వచ్చాడు గనుక. ఆడవాళ్ళ మీద చెయ్యి వేసిన మనిషికి ఊళ్ళో ప్రతి ఆడమనిషి తలుపూ తెరిచి ఇచ్చాం. పది మంది పెద్దలం కూర్చుని, ప్రార్థన చేసి, ఈ నిర్ణయం తీసుకున్నాం. ఎవరికీ తట్టలేదు. మందిరం గోడ అవతల ఏ ఆడమనిషిని అడిగినా చెప్పి ఉండేది.

ఒక శనివారం మార్తమ్మ ఇంట్లో జరిగింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. గింజలు తేవడానికి లోపలికి తిరగగానే వెనకే వచ్చి చెయ్యి పట్టి, తలుపు మూయబోయాడు. ఆమె కేకలకు పక్కింటివాళ్ళు వచ్చారు. నేను పోయేసరికి కుండ పగిలి గుమ్మం కడప నిండా జొన్నలు. మార్తమ్మ అత్త వాటిని ఒక్కొక్కటే ఏరుతోంది. దేవుని గింజలు తొక్కకూడదని అందరూ దూరంగా నిలబడి ఉన్నారు. మార్తమ్మ మాత్రం లోపల మూల కూర్చుని, ఎవరు దగ్గరికి పోయినా గోడకు జరుగుతోంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"మీరే పంపిస్తిరి గద సారూ" అంది.

డాక్టరుగారి ప్రశ్నలు

ఆ రోజుల్లో డాక్టర్ శేషాద్రి గారు అనే మానసిక వైద్యుడు నెలకు రెండుసార్లు వికారాబాదు వచ్చేవారు. ఇటువంటి నేరాలు చేసినవారిని విచారించి, ఎవరు మళ్ళీ చేస్తారు, ఎవరు మానుకుంటారు, మానుకునేందుకు ఏం తోడ్పడుతుంది అన్న విషయం మీద పరిశోధన చేస్తున్నారు. కోర్టు అనుమతితో దేవదానాన్ని ఆయన ముందు కూర్చోబెట్టాను.

దేవదానం కుర్చీలో కూర్చోగానే ఏడుపు మొదలుపెట్టాడు. ఆఫీసులో నన్ను ఎప్పుడూ సారు అనేవాడు, మందిరంలో అన్నా అనేవాడు. ఆ రోజు ఆఫీసులోనే, "అన్నా, సైతాను ఒక్క నిమిషంల ముంచేసిండన్నా, నాకేం ఎర్కలే" అన్నాడు.

డాక్టరుగారు ఓపికగా విని, "ఏడవడానికి మనకు టైముంది. ముందు ఇది చెప్పు. ఆ పొద్దున బుట్ట పట్టుకుని మొదట ఏ ఇంటికి పోయినావు?" అన్నారు.

దేవదానం చెప్పాడు.

"తర్వాత?"

ఇల్లు తర్వాత ఇల్లు చెప్పించారు. చిన్న కాగితం మీద నన్ను వీధుల బొమ్మ గీయమన్నారు. గీశాను. మార్తమ్మ ఇల్లు మందిరానికి మూడో ఇల్లు. దేవదానం లెక్కలో అది చివర వచ్చింది.

"మూడో ఇల్లు వదిలిపెట్టి ఊరంతా తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చినావా?"

దేవదానం ఆ బొమ్మ వైపు చూశాడు.

"ముందు శనివారం?"

"గట్లనే."

"అంతకు ముందు?"

మూడో ఇంటి మీద వేలు పెట్టి, "మూడు శనివారాల సంది చివరికి వెట్టుకున్న" అన్నాడు. ఆయన ఏడుపు ఆగిపోయింది. నేను ఆయన్ను ఎరిగిన ఇన్నేళ్ళలో అబద్ధం లేకుండా చెప్పిన మొదటి మాట అదేననిపించింది. తలుపు దగ్గర నిలబడిన అన్ని ఆదివారాల్లోనూ అంత నిజం బయటకు రాలేదు. మేము ఏం పాపం చేశావని అడిగాం. ఎలా చేశావని ఎవరం అడగలేదు.

డాక్టరుగారు దేవదానం భార్యతో కూడా మాట్లాడమన్నారు. మొదటి రిపోర్టుకు నేను ఆమెను అడగనే లేదు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నాకు పెండ్లయిన కాడి నుంచి ఎర్కనే సారు. గీ ఇద్దరే గాదు. ఎవలడిగిన్రు నన్ను?"

కోర్టులో నేను లేచి, నా మొదటి రిపోర్టు తప్పు, షరతు తప్పాడు కనుక ప్రొబేషన్ రద్దు చేయాలి అన్నాను. "ఆ రిపోర్టు మీరే రాశారు కదా?" అన్నారు మేజిస్ట్రేటు. "నేనే రాశానండి" అన్నాను. ఇంకేమీ అడగలేదు. రెండు కేసులకూ కలిపి జైలు పడింది.

ఆ ఆదివారం మందిరం బయట అయ్యగారు నన్ను ఆపారు. "సత్యానందం, వాడు మళ్ళా తలుపు కాడ నిలబడతానన్నాడు కదా. నువ్వు ఒద్దంటివి. నీకు క్షమాపణ మీద నమ్మకం పోయిందా?"

"క్షమించడానికి నేనెవరిని అయ్యగారూ? చెయ్యి పడింది నా మీద కాదు."

వెనక నుంచి ఇంకో పెద్దమనిషి అన్నాడు: "కోర్టుకు పెద్దవైనవ్ గని సంఘానికి పెద్దవు గాలే."

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. సంఘపెద్ద పదవి వదులుకున్నాను. మందిరానికి పోవడం మానలేదు. తలుపు దగ్గర చివరి చాప మీద కూర్చునేవాణ్ణి.

పాత కాగితాలు

తర్వాత రెండు మూడేళ్ళు డాక్టరుగారి ప్రోద్బలంతో ఒక పని చేశాను. ఇటువంటి కేసుల్లో నేను రాసిన పాత రిపోర్టులన్నీ తీసి, సెలవు రోజుల్లో బస్సు పట్టుకుని కొడంగల్, బంట్వారం, యాలాల్ వైపు ఆ మనుషుల ఊళ్ళకు పోయాను. నర్సమ్మ ఎక్కువసార్లు తోడు వచ్చింది. ఈసారి మగవాళ్ళను చివర అడిగాం. ముందు ఆ ఇంటి ఆడవాళ్ళను, నీళ్ళ దగ్గర, కలుపు దగ్గర ఆడవాళ్ళను నర్సమ్మ అడిగేది. కొడంగల్ అవతల ఊళ్ళలో కన్నడంలో చెప్పేవారు, దానికీ ఆమే దిక్కు.

లెక్కలు చెప్పను. పది ఊళ్ళు తిరిగి రాసుకున్న నోటుబుక్కు లోకానికి రుజువు కాదు. చాలా తర్వాత డాక్టరుగారికి బదిలీ అయింది, ఆయన కాగితాలు అచ్చయ్యాయో లేదో తెలియదు. నా వరకు నాకు తెలిసింది ఇది. నా రిపోర్టులన్నిట్లో పశ్చాత్తాపం కనిపించింది అన్న మాట ఉంది. మళ్ళీ చేసినవాడి దాంట్లోనూ ఉంది, చేయనివాడి దాంట్లోనూ ఉంది. అటువంటి మాట రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. చేసిన పనిని మొదటి నుంచి చివరిదాకా దాచకుండా చెప్పగలిగినవాడు, ఇంట్లోవాళ్ళకు సంగతి తెలిసినవాడు, ఆడవాళ్ళు ఒంటరిగా దొరికే పని నుంచి తప్పించబడినవాడు కొంత నయం. తాగి చేశాడనో, భార్య లేక చేశాడనో మేము సులువుగా రాసేసినవాటిలో చాలా మటుకు మా ఊహే. పెళ్ళి చేస్తే సర్దుకుంటాడని ఒకడికి నేనే పిల్లను వెతికాను. ఆ పిల్ల ఏమైందో ఇక్కడ రాయలేను.

ఒంట్లో ఓపిక తగ్గింది ఆ తిరుగుడులోనే. దారుల వల్ల కాదు. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు, "గిప్పుడొచ్చి అడుగుతున్రా?" అనేవారు.

మళ్ళీ వచ్చినప్పుడు

దేవదానం జైలు నుంచి రాబోతున్నాడని జాబు వచ్చింది. తాండూరులోనే ఉంటానని, యార్డులో పని ఇప్పించమని రాశాడు. చట్టప్రకారం నాకు ఆయన మీద అధికారం లేదు. కాని నేను ఒక మాట రాసిస్తే తప్ప యార్డువాళ్ళు తీసుకోరు. ఆ ఒక్క పట్టు నా చేతిలో ఉంది.

ఈసారి జాబు జేబులో పెట్టుకుని ముందు శాంతమ్మ ఇంటికి పోయాను. మా ఆవిడను వెంట తీసుకుపోయాను. శాంతమ్మ వాకిట్లో రొట్టెలు చేస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"మల్ల నన్ను నిలవెట్టనీకి ఒచ్చిన్రా సారూ?"

"లేదు. దేవదానం వస్తున్నాడు. నీకు ముందు తెలియాలని వచ్చాను."

రొట్టె తిప్పింది. ఆమె భర్త బొంబాయి నుంచి తిరిగి రాలేదు. అత్త మంచం పట్టింది. ఇల్లు వదిలి వేరే ఊరికి పోయే వీలు లేదు. ఆ వీధిలో, ఆ బావి దగ్గర, ఆమె ఎప్పటిలా బతకగలదా లేదా అన్నది నేను రాయబోయే కాగితం మీద ఉంది.

"నేను ఆ రోజు నిన్ను లేపడం తప్పు శాంతమ్మా" అన్నాను.

"లేపితిరి. లేచిన. ఐపాయె." పెనం దించింది. "క్షమించిన్నా లేదా అని మల్ల అడుగకున్రి. గది నాకు, దేవునికి. మీరేం రాస్తున్రు కాయితంల?"

"ఏం రాయమంటావు?"

"మంచిగైండా, చెడ్డగున్నడా అని రాయకున్రి. గది మీకు ఎర్కగాదు. ఆయన ఏ తొవ్వల పోతడో రాయున్రి. పొద్దుగాల నీళ్ళకు మేం బాయి కాడ ఉంటం. గా తొవ్వ ఒద్దు. యార్డుల నేను పోతే ఆయన కింద ఒద్దు. బుట్ట ఒద్దు. ఎవలింట్లకు ఒద్దు. గంతే."

మా ఆవిడ నోట్ చేసుకోమన్నట్టు నన్ను చూసింది. నేను అప్పటికే రాసుకుంటున్నాను. మార్తమ్మ దగ్గరికి కూడా మా ఆవిడ పోయి అడిగింది. ఆమె ఇంకో షరతు చెప్పింది: మందిరంలో పాట ఎత్తొద్దు, ఆ గొంతు వింటే తనకు చెమటలు పడుతున్నాయి.

అవన్నీ రాశాను. దేవదానం మేస్త్రి పని అడగకూడదు, మగవాళ్ళ జట్టుతో యార్డువాళ్ళ గనిలోనే పని, పొద్దున రైలు పట్టాల వైపు దారిలోనే నడవాలి, ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు, భార్యకు అంతా తెలియాలి, వారం విడిచి వారం వికారాబాదు పోయి డాక్టరుగారికి కనపడాలి. చదివి వినిపించాను. పశ్చాత్తాపం అన్న మాట అందులో లేదు.

"ఇందుల నా మనసు గురించి ఏం లేదన్నా" అన్నాడు.

"లేదు" అన్నాను. "అది నువ్వు దేవుని ముందు చూసుకో. ఇది తొవ్వ గురించి."

సంతకం పెట్టాడు. డాక్టరుగారు ఉన్నన్నాళ్ళు, ఏడాదికి పైగా, రైలెక్కి పోయి వచ్చాడు. అక్కడ మందులేమీ లేవు. మాట్లాడించడమే. ఏ రోజు ఏ ఆలోచన వచ్చింది, అప్పుడు కాళ్ళు ఎటు తిరిగాయి, ఎవరికి చెప్పాడు అని అడిగేవారు. ఒకసారి తిరుగు రైల్లో నా పక్కన కూర్చుని, "నాకు డాక్టరు కాడ సిగ్గయితది. తలుపు కాడ గింత సిగ్గు కాలే" అన్నాడు.

మారాడా అని మీరు అడుగుతారు. నాకు తెలియదు. ఆయన చేతిలో ఇంకెవరైనా దెబ్బతిన్నారని నేను వినలేదు. వినకపోవడానికీ జరగకపోవడానికీ ఉన్న తేడా నాకు బాగా తెలుసు. ఆయన కోసం రోజూ ప్రార్థిస్తాను. ఆ దారి మీద కన్ను కూడా ఉంచాను, రిటైరయ్యేదాకా. దేవుని వాక్యంలో, తప్పు చేసినవాణ్ణి లేపడం గురించి ఎంత ఉందో, దెబ్బతిన్నవాళ్ళ పక్కన నిలబడటం గురించీ అంత ఉంది. నేను సగం పేజీలే చదివి సంఘపెద్దనయ్యాను.

శాంతమ్మ ఇంకో మేస్త్రి కింద యార్డు పనికి తిరిగి పోయింది. రెండేళ్ళకు మందిరానికి కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు. వచ్చి, చాప పరుచుకుని కూర్చుంది.

ఇప్పటి శనివారాలు

గింజల బుట్ట ఇప్పుడు ఆడవాళ్ళ చేతిలో ఉంది. శాంతమ్మ, మార్తమ్మ కలిసి తిరుగుతారు. వాళ్ళు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరి ఇంట్లోకీ పోరు. కుండ కడప మీద ఉండాలి, వాళ్ళు బయటి నుంచే బుట్టలో పోసుకుంటారు. పెద్దల్లో ఒకరిద్దరు ఇదేం చోద్యమని నవ్వారు. పద్ధతి మారలేదు.

పోయిన శనివారం మార్తమ్మకు జ్వరం, శాంతమ్మ ఒక్కతే వచ్చింది. మా ఆవిడ సంతకు పోయింది. కుండ బయట పెట్టడం మరిచిపోయింది. శాంతమ్మ వాకిట్లోనే ఆగి పిలిచింది. నేను కుండ పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాను.

"అమ్మ లేదా సారూ?"

"సంతకు పోయింది. రా, పోసుకో."

ఆమె అక్కడి నుంచి కదలలేదు. ముఖంలో కోపం లేదు, భయమూ లేదు.

"కుండ కడప మీద పెట్టి మీరు లోపలికి పోండ్రి. నేను పోసుకుంట."

ఇరవై ఏళ్ళు మనుషుల మీద రిపోర్టులు రాసినవాణ్ణి. కుండ కడప మీద పెట్టి లోపలికి వెళ్ళాను. జొన్నలు బుట్టలో పడిన చప్పుడు, ఖాళీ కుండ రాతి మీద పెట్టిన చప్పుడు, ఆమె అడుగులు గేటు దాటిన చప్పుడు వినిపించేదాకా లోపలే ఉన్నాను.